గుండ్లకమ్మ ఒడ్డున ఒక రోజు

1876లో మొదలైన ధాత కరువుకు ఒంగోలు సీమలో పంటలు పోయాయి, పశువులు డొక్కలెండి పడిపోయాయి. తోలు పని, కూలి పని తప్ప వేరే ఆధారం లేని మాదిగ పల్లెలకు రెండూ ఒక్కసారే పోయినట్టయింది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పుడు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పలుగు, పార, తట్ట. చేసిన పనికి కూలి. పని చూసే బోధకులే, జనం కాస్త నడుం వాల్చినప్పుడు పక్కన కూర్చుని క్రీస్తు మాట చెప్పేవారు.

కూటి కోసం మతం మారారన్న నింద అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని ఊహించే కాబోలు, కరువు సాయం ముమ్మరంగా సాగిన నెలల్లో క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లను ఆగమన్నాడు.

ఆగారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. తిండి గింజల కోసమే అయితే అన్ని నెలలు ఎందుకు ఎదురుచూస్తారు?

ఆకలి తెలిసిన ఇళ్లలో కృతజ్ఞత కూడా గింజల్లోనే కనిపిస్తుంది. తెలుగు పల్లెల క్రైస్తవ సంఘాల్లో ఎసట్లో పోసే ముందు ఇల్లాలు గుప్పెడు బియ్యం దేవుడికని పక్కన పెడుతుంది. ఆదివారం గుడికి చేరే ఆ బియ్యం పాస్టరు కుటుంబానికో, సంఘం ఖర్చులకో వెళుతుంది.