ప్రశ్నావళి చెప్పగలిగినది, చెప్పలేనిది

జ్వరాన్ని థర్మామీటరుతో కొలుస్తాము. మరి మనసులోని కుంగుబాటును దేనితో కొలవాలి? మానసిక వైద్యుని వద్ద మీకో, మీ ఆప్తులకో ప్రశ్నల కాగితం ఇచ్చినపుడు ఈ సందేహం కలిగే ఉంటుంది. ఆ కాగితం వెనుక అరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది.

1960లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో పనిచేస్తున్న మనోవైద్యుడు మాక్స్ హామిల్టన్ ఒక కొలమానాన్ని ప్రచురించారు. విచారం, నిద్రలేమి, అపరాధ భావన, ఆత్మహత్య తలంపు వంటి 17 అంశాలకు వైద్యుడే రోగితో మాట్లాడి అంకెలు వేయాలి. అది వ్యాధి నిర్ధారణకు కాదు. నిర్ధారణ అయినవారిలో తీవ్రతను తెలుసుకోవడానికి మాత్రమే. మరుసటి ఏడాది అమెరికాలో ఆరన్ బెక్ బృందం 21 అంశాల పట్టికను వెలువరించింది. అందులో తన స్థితికి సరిపడే వాక్యాన్ని రోగే ఎంచుకుంటాడు. భవిష్యత్తుపై ఆశ నశించడమే ఆత్మహత్యకు దగ్గరి దారి అని భావించిన బెక్, 1974లో 20 వాక్యాల నిరాశా కొలమానాన్ని కూడా రూపొందించారు.

ఇన్ని కొలమానాలుండగా, ఎవరు ప్రాణం తీసుకుంటారో ముందే చెప్పగలమా? అమెరికాలోని హ్యూస్టన్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో చేరిన 4,800 మంది మానసిక రోగులపై అలెక్స్ పొకోర్నీ ఈ పరీక్ష చేశారు. 1983లో ఆయన ప్రకటించిన ఫలితాల ప్రకారం, కొన్నేళ్లలో 67 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ప్రమాదం ఎక్కువని ముందుగా గుర్తించిన 803 మందిలో అలా మరణించినవారు 30 మందే. మిగిలిన 37 మంది ప్రమాదం తక్కువని భావించినవారిలోనివారు!

ఈ లెక్కలోని పాఠం నేటికీ మారలేదు. స్వీయహాని తలపెట్టినవారి విషయంలో భవిష్యత్తును ఊహించడానికి గాని, చికిత్స ఎవరికివ్వాలో తేల్చడానికి గాని కొలమానాలను వాడరాదని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022లో స్పష్టం చేసింది.

అయితే ప్రశ్నావళి వృథా అని కాదు. 2001 నుంచి ప్రచారంలోకి వచ్చిన పీహెచ్‌క్యూ-9లోని తొమ్మిదవ ప్రశ్న, గడచిన రెండు వారాలలో చనిపోతే మేలనే తలంపు కలిగిందా అని అడుగుతుంది. నోటితో చెప్పలేని మాటను కొందరు అక్కడ గుర్తు పెట్టి చెబుతారు. ఆ గుర్తును చూసిన వైద్యుడు కాగితాన్ని పక్కన పెట్టి ఎదుటి మనిషితో మాట్లాడాలి. స్కోరు తక్కువగా ఉన్నదని నిశ్చింత పడరాదు.

మీరు కూడా సంకోచించవద్దు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని అధ్యయనాలు చెబుతున్నాయి. మీ ఇంటిలో ఎవరైనా బ్రతుకు మీద ఆశ లేనట్లు మాట్లాడితే నిదానంగా, సూటిగా అడగండి; ఓపికగా వినండి; ఒంటరిగా వదలక వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నంబరులో పగలూ రాత్రీ అందుబాటులో ఉన్నది.