తఖ్మీనాకో తారీఖు

ఉర్దూలో ‘తారీఖ్’కు రెండు మానీలు: తేదీ, చరిత్ర. తెలుగులోకి తేదీ ఒక్కటే వచ్చింది. కట్టడాలకు ఖర్చు లెక్క వేసే మనిషి పని అర్థం కావాలంటే రెండూ కావాలి. ఆ లెక్కను మనం ఎస్టిమేట్ అంటాం. ఉర్దూలో తఖ్మీనా.

ఉర్దూ అంటే షాయరీ, ఖవ్వాలీ అనుకుంటారు మన పిల్లలు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి. 1918లో హైదరాబాద్‌లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో తాలీమ్ ఉర్దూలోనే. పాఠ్యపుస్తకాల కోసం అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా పెట్టారు. 1929లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఇటుక, సున్నం, ఇనుము హిసాబ్ అక్కడ మన జబాన్‌లోనే నేర్చుకున్నారు. ఆ రియాసత్‌లోనే 1923 నుంచి 1931 దాకా మంజీరా మీద నిజాంసాగర్ కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణ ఇప్పుడు ఇంజనీర్ల దినంగా జరుపుకుంటోంది.

మా తగరపువలస కుర్రాళ్లు కొందరు సివిల్ చదివి ఇక్కడా, గల్ఫ్‌లోనూ ఈ తఖ్మీనాల పనిలోనే ఉన్నారు. జూనియర్ డ్రాయింగ్ చూసి కొలతలు తీస్తాడు. 1:2:4 పాళ్లలో ఒక క్యూబిక్ మీటరు కాంక్రీటుకు సుమారు ఆరుంపావు బస్తాల సిమెంటు, 0.44 క్యూబిక్ మీటర్ల ఇసుక, 0.88 కంకర. సూత్రం తెలిస్తే ఇది ఎవరైనా కట్టగలరు. సీనియర్‌కు జీతం ఇచ్చేది అనుమానపడ్డానికి. క్వారీ ఎంత దూరం? వానాకాలంలో పునాది గోతుల్లో నీళ్లు ఎన్ని రోజులు తోడాలి? మజ్దూర్లు పండక్కి ఊరెళ్తే? పని ఆర్నెల్లు ఆగితే ఇనుము ధర ఎక్కడుంటుంది? రేటు తక్కువ వేస్తే కంపెనీ మునుగుతుంది, ఎక్కువ వేస్తే టెండరు పోతుంది. అవతలివాళ్ల సొమ్ము అతని కలం కింద అమానత్.

ఈ లెక్క ఎంత బరువైందో తెలియడానికి మాకు విశాఖ ఉక్కు చాలు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన పోరాటంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. ఆ తర్వాత పదేళ్లు పని పెద్దగా కదల్లేదు. 1982లో ఆర్ఐఎన్ఎల్ ఏర్పడింది. మంజూరైన తఖ్మీనా 3,897.28 కోట్ల రూపాయలు. లక్షల దాకా తేల్చిన ఆ అంకె పక్కనే దాని తారీఖూ ఉంది: 1981 చివరి మూడు నెలల ధరల ప్రకారం.

డబ్బు విడుదల నత్తనడక నడిచింది. ఖర్చు తగ్గించడానికి ప్లాన్ కుదించారు. 34 లక్షల టన్నుల ద్రవ ఉక్కు లక్ష్యం 30 లక్షలైంది. అయినా 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసిన ఆ ప్లాంటు లెక్క సుమారు 8,500 కోట్లకు తేలింది. రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ‘తినేశారు’ అనడం తేలిక. కానీ 1981 రూపాయీ 1992 రూపాయీ ఒకటి కాదు. కట్టడం ఆగినా సిమెంటు ధర ఆగదు, వడ్డీ ఆగదు, జీతాలు ఆగవు. తారీఖు చూడకుండా తఖ్మీనా చదివితే ఇన్సాఫ్ జరగదు.

ఇన్సాఫ్ అంటే ఇంకో మాట. యంత్రాలకు, ఇనుముకు ధరలు మళ్లీ మళ్లీ సవరించారు. మరి ప్లాంటు కోసం భూములిచ్చిన 64 ఊళ్ల లెక్క? ఇంటికో ఉద్యోగం ఆశతో ఆర్ కార్డు తీసుకున్న కుటుంబాల్లో వేలమంది ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. కార్డు అందుకున్న తండ్రి ముసలివాడయ్యాడు, కొడుక్కి ఉద్యోగ వయసు దాటిపోయింది. ఆ ఆలస్యానికి ఏ తఖ్మీనాలోనూ గడి లేదు.

2021 జనవరిలో కేంద్రం ఈ ప్లాంటులో నూరు శాతం వాటా వదులుకోవాలని నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. రేపు ఎవరైనా దీనికి వెల కడితే రెండు ప్రశ్నలు అడగాలి. భూమికి ఏ తారీఖు ధర వేశారు? ఆర్ కార్డులవాళ్ల బాకీ ఎక్కడ రాశారు? మీ ఇంట్లో కొడుకో కూతురో సివిల్ చదువుతుంటే ఈ రెండూ ఇప్పుడే నేర్పండి. రేపటి తఖ్మీనా వాళ్లే వేయాలి.