ఓక్ ఆలీ భవనం: స్తంభాలు, చెట్లు, ఒక తోటమాలి

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, మిసిసిపి నది పడమటి గట్టున, వాషరీ సమీపంలో ఉన్న ఓక్ ఆలీ భవనాన్ని చూసినవారు ముందుగా చెప్పేది చెట్ల గురించే. నది వైపు నుంచి ఇంటి దాకా రెండు వరుసలలో 28 ఓక్ వృక్షాలు పందిరి వేసినట్లు కొమ్మలు కలుపుకొని ఉంటాయి. అవి భవనం కంటే చాలా పాతవి. నాటినవారి పేరు చరిత్రకెక్కలేదు.

చెరకు తోటల యజమాని జాక్ తెలెస్ఫోర్ రోమన్ 1837–39 మధ్య ఈ ఇంటిని కట్టించాడు. చెట్ల సంఖ్యకు దీటుగా నాలుగు వైపులా 28 డోరిక్ స్తంభాలు నిలిపారు. గ్రీకు దేవాలయాన్ని తలపించే ఈ రూపం ఆనాటి అమెరికా సంపన్నుల అభిరుచి. అయితే దీనిని కేవలం ఆడంబరమనుకోవడం సరికాదు. స్తంభాల వెనుక రెండు అంతస్తులలోనూ ఇంటిని చుట్టి వచ్చే వెడల్పైన వసారాలున్నాయి. అందువల్ల ఎండ నేరుగా గోడను తాకదు. వానలోనూ కిటికీలు తెరిచి ఉంచవచ్చు. నది గాలి ఎత్తైన గదులలో ఆడుతుంది. ఉక్కపోతను ఎరిగిన కోస్తా పాఠకులకు ఈ సౌకర్యాన్ని వేరుగా వివరించనక్కరలేదు. గోడల మందం 16 అంగుళాలు. పాలరాయిలా కనిపించేది నిజానికి ఇటుక మీది గచ్చు. ఆ ఇటుకలను చేసిన చేతులు బానిసలవి.

1848లో రోమన్ మరణించాక తయారైన ఆస్తి జాబితాలో మనుషులూ ఉన్నారు. వారిలో ఒకరు ఆంత్వాన్: వయస్సు 38, తోటమాలి, పెకాన్ చెట్లకు అంటు కట్టడంలో నేర్పరి, వెల 1000 డాలర్లు. ఈ జాబితాను భవన పటంతో సమానమైన ఆధారంగా చదవాలని నా అభిప్రాయం. పెకాన్ అక్రోటు కుటుంబపు చెట్టు. విత్తు నుంచి మొలిస్తే తల్లిచెట్టు గుణం నిలవదు. (బంగినపల్లి టెంక పాతి బంగినపల్లినే ఆశించలేమని మన మామిడి రైతులకు తెలిసినదే.) ఇతరుల ప్రయత్నాలు విఫలమైన చోట, 1846–47 శీతాకాలంలో ఆంత్వాన్ 16 చెట్లకు అంటు కట్టి నిలబెట్టాడు. పెకాన్ వాణిజ్యపంటగా ఎదగడానికి దారి అక్కడ పడింది.

1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన స్వాతంత్ర్య శతాబ్ది ప్రదర్శనలో ఆ కాయకు గుర్తింపు దక్కింది. దానికి స్థిరపడిన పేరు ‘సెంటెన్నియల్’, అంటే శతాబ్ది. ఆంత్వాన్ అంటుకట్టిన చెట్లను మాత్రం తరువాతి యజమాని చెరకు సాగు కోసం చాలావరకు నరికించాడు. బానిసల గుడిసెలు కూడా మిగలలేదు. ఇంటి వెనుక ఇప్పుడు కనిపించేవి ఇటీవల పునర్నిర్మించినవి.