మెరకయు మురుగును: కోనసీమ జనావాసముల చరిత్రపై ఒక పరిశీలన

కోనసీమ చరిత్ర చెప్పుమన్న ఎవరైనను 1852వ సంవత్సరముతోనే ఆరంభింతురు. ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టకపూర్వము గౌతమీ వసిష్ఠల నడిమి భూమి జనశూన్యప్రాయమై యుండెననియు, కాలువ పారిన పిమ్మటనే వరియు, కొబ్బరియు, ఊళ్లును పుట్టినవనియు పాఠ్యపుస్తకములు మొదలుకొని సభాప్రసంగములవరకు ఒకేమాట వినవచ్చుచున్నది. ఆయనను భగీరథునితో పోల్చి తలంచుకొను గోదావరీతీరవాసుల కృతజ్ఞత న్యాయమైనదే. దానిని తక్కువచేయుట నా యుద్దేశము కాదు. కాని ఆ కృతజ్ఞతాభారముచే అంతకు పూర్వమున్న పదునెనిమిది వందల యేండ్ల జనజీవనము కనుమరుగగుటయు, తరువాతి నూటడెబ్బది యేండ్ల లోపములు చర్చకే రాకుండుటయు నాకు సమ్మతము కావు. నీరు వచ్చినది గనుక ఊరు వచ్చినదనుట వినుటకు సులభముగానే యున్నది. అయితే పైనుండి వరదయు, క్రిందినుండి సముద్రపుపోటును, నెత్తిన తుపానువానయు వచ్చిపడు ఈ నేలలో, ఊరు నిలుచుటకు ముందుగా కావలసినది నిలుచుటకు మెరకయు, వచ్చిన నీరు వెడలిపోవుటకు దారియు నని, ఈ రెంటి కథయే కోనసీమ జనావాసముల కథయని నిరూపించుటకు ఈ ప్రయత్నము.

ఆదిదశను విస్తరింప నక్కరలేదు. గోదావరి తెచ్చిన ఒండ్రుతో సముద్రము క్రమక్రమముగా వెనుకకు తగ్గగా, తగ్గినచోటనెల్ల పూర్వపు తీరరేఖలు ఇసుకదిబ్బల వరుసలై మిగిలినవని భూవిజ్ఞులు చెప్పుచున్నారు. అమలాపుర ప్రాంతము అట్టి దిబ్బలమీదిదే. నదీపాయల ఒడ్డులందు ఏటేట పేరిన ఒండ్రుమెరకలు మరికొన్ని. వైనతేయ సమీపమున ఆదుర్రులో బయల్పడిన బౌద్ధస్తూపావశేషములు ఈ మెరకలమీద ఇంచుమించు రెండువేల యేండ్ల క్రిందటనే మనుష్యసంచారమున్నదని సాక్ష్యమిచ్చుచున్నవి. కొత్తపేటకు చేరువనున్న పలివెల కొప్పేశ్వరాలయమును, సాగరసంగమమునగల అంతర్వేది నరసింహక్షేత్రమును, ముక్తేశ్వరము, అయినవిల్లి మొదలగు పుణ్యస్థలములును, వానిచుట్టు నేర్పడిన అగ్రహారములును మధ్యయుగమునాటి విస్తరణకు గుర్తులు. నీరులేని యెడారిలో రాజులు అగ్రహారములు దానము చేయరు, చేసినను పుచ్చుకొనువారుండరు.

ఈ ప్రాచీన గ్రామముల ఉనికిని ఒక వానకాలమున గమనించినచో ఒక సంగతి స్పష్టపడును. వరదనాడు పొలములన్నియు తెల్లని నీటిపరపై యుండగా గుడియు, దాని నానుకొనిన పాతవీధులును మాత్రము పొడిగా నిలుచును. ఇల్లు కట్టదలచినవాడు మొదట చేయు పని పునాది త్రవ్వుట కాదు, గొయ్యి త్రవ్వుట. ఆ మట్టిని ప్రక్కన పోసి, తడిపి, తొక్కించి, ఒకటిరెండు వర్షములకు నాననిచ్చి దిబ్బచేసి, ఆ దిబ్బపై నడుమెత్తు అరుగుతో మండువాలోగిలి కట్టుచుండిరి. త్రవ్విన గొయ్యి పెరటి గుంటయై వానకాలపునీటిని పట్టి, వేసవిలో పశువులకును కొబ్బరిమొక్కలకును అక్కరకు వచ్చెడిది. గుంట నిండి పొర్లిన నీరు బోదెలోనికి, బోదెనుండి కోడు అను మురుగుకాలువలోనికి, కోడునుండి ఏటిలోనికి పోయెడిది. కోనసీమ యిండ్లు రాయలసీమ గ్రామమునందువలె గోడకు గోడ చేర్చుకొనక తోటకొకటిగా విడివిడిగా నుండుటకు సౌందర్యాభిరుచి కారణమని కొందరు కవిహృదయులు వ్రాసిరి. ప్రతి యింటికిని దాని దిబ్బకు తగిన గుంట కావలసియుండుటయే అసలు కారణమని నా యభిప్రాయము.

కనుమనాడు జగ్గన్నతోటలో జరుగు ప్రభలతీర్థము నిచట స్మరించుట అప్రస్తుతము కాదు. పదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలపై నెక్కి గుడియే లేని ఒక కొబ్బరితోటకు చేరుదురు. గంగలకుర్రు, దాని అగ్రహారము, ఈ రెండూళ్ల ప్రభలను కౌశిక యను ఏటిని దాటించుట చూడదగిన దృశ్యము: మోయువారు మెడలోతు నీటిలో దిగినను ప్రభను ఒరగనీయరు. చూడవచ్చినవారు ఆ సాహసమును మెచ్చుకొందురు. నాకు తోచునది వేరు. దేవుని ఊరేగింపునకైనను నీటిదారిని పూడ్చి బాట వేయుట వారి యూహకు రాలేదు. కౌశిక పారుటకున్నది, మనుష్యులును దేవతలును దానిని దాటిపోవలసినవారు.

ఇక వివాదాస్పదమైన ఘట్టమునకు వత్తును. ఆనకట్టకు పూర్వము ఈ సీమ పాడుపడియుండెననుటకు చూపబడు ప్రధానసాక్ష్యము జనసంఖ్య. 1821లో సుమారు 7,38,000 మంది యున్న రాజమహేంద్రవరము జిల్లా 1841 నాటికి 5,61,000 మందికి తగ్గినది. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా దుస్థితిని విచారించి నివేదిక సమర్పించుటయు, తరువాత కాటన్ ప్రణాళిక అంగీకారము పొంది 1847లో పని ఆరంభమగుటయు ప్రసిద్ధములు. ఈ లెక్కను నేను కాదనను. అయితే దానినుండి లాగబడు సిద్ధాంతమును మాత్రము అంగీకరింపజాలను.

మొదటిది, ఇది జిల్లామొత్తపు లెక్క. మెట్టతాలూకాలు కూడ ఇందులో చేరియున్నవి. ఏటిగట్టులనడుమ నున్న కోనసీమ మెట్టతో సమానముగా క్షీణించెనని దీనివలన తేలదు. రెండవది, క్షీణత కాలమును చూడవలెను. ఇరువది యేండ్లలో నదీప్రవాహము మారలేదు, వర్షపాతస్వభావము మారలేదు. మారినవి మనుష్యుల యేర్పాటులు, వానికి దైవోపద్రవములు తోడైనవి. 1802-03 నాటి శాశ్వతపైసలా జమీందారులను పేష్కషు బాకీలలో ముంచి, ఎస్టేట్లను వేలమునకు తెచ్చి, చెరువులు, మురుగుకోళ్లు బాగుచేయించు బాధ్యత ఎవరిదో తెలియకుండ చేసినది. 1832-33 నాటి నందన కరవు గుంటూరుతోబాటు ఈ సీమనుకూడ పీల్చివేసినది. 1839 నవంబరులో కోరంగివైపు వచ్చిన తుపాను తీరగ్రామములను తుడిచిపెట్టినది.

ఈ క్షీణతకు మరియొక కారణమును చరిత్రకారులు తగినంత పరిశీలింపలేదు. అది మగ్గము. పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇంజరము, మాదాపల్లెములతోబాటు అమలాపురము చెంత బెండమూర్లంకలోను వర్తకస్థానము కలదు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ పట్టుకొన్న స్థావరములలో నిదియు నొకటి. వర్తకుడు నేతగాండ్రు లేనిచోట కొట్టు పెట్టడు. ఈ చిన్న దీవిలో సముద్రాంతరములకు ఎగుమతి కాదగినంత బట్ట నేయబడుచుండెనన్న, నేతగానికి తిండిపెట్టు రైతును, పత్తి తెచ్చు బేరగాడును, సరుకు మోయు నావయు నుండితీరవలెను. ఇంగ్లండు యంత్రవస్త్రము ధాటికి ఎగుమతి కూలి, 1833 చార్టరుతో కంపెనీ వర్తకమే ముగియుటతో ఆ నేతపేటలు చిక్కిపోయినవి. బండారులంక, పుల్లేటికుర్రులలో నేటికిని వినవచ్చు మగ్గముచప్పుడు ఆ పాతవృత్తికి మిగిలిన శేషము. కాబట్టి 1841 నాటి లెక్క సేద్యపునీరు లేక ఊళ్లు పుట్టలేదని చెప్పుటలేదు. పుట్టి, పెరిగి, పరిపాలనాదోషమునకును వర్తకనాశమునకును దైవోపద్రవమునకును ఒక్కమాటుగా గురియైన ఊళ్లు చిక్కిపోయినవని చెప్పుచున్నది.

మరియొక సాక్ష్యము కాటన్ పనివారి చేతిలోనిదే. ఆనకట్టతోబాటుగానే హేగ్ అను ఇంజనీరు గన్నవరమువద్ద వైనతేయమీదుగా నలుబదితొమ్మిది కమానుల అక్విడక్టు కట్టి నగరముదీవికి, అనగా నేటి రాజోలు ప్రాంతమునకు, కాలువను దాటించెను. దమ్మిడీకి శిస్తులెక్క చూచుకొను కంపెనీ ప్రభుత్వము జనము లేని దీవికొరకు ఏటిపై అంత కట్టడము తలపెట్టుననుట నమ్మదగినదిగా లేదు. సేద్యము చేయువారును, శిస్తు రాదగిన భూమియు అచ్చట ముందే యుండినవి.

ఇంత వాదించినను కొన్ని హద్దులు పెట్టుకొనక తప్పదు. ఆనకట్టయే లేకున్న జనసంఖ్య దానంతటదే కోలుకొనునని నేననుటలేదు. నందనవంటి కరవు మరల ఈ సీమలో రాకపోవుట ఆ కట్టడము పుణ్యమే. దక్షిణమున సముద్రముచెంత ఉప్పుపర్రలుగా నుండిన భూములను కాలువనీరు కడిగి వరిచేలుగా మార్చుటయు, తీరగ్రామముల చెరువులకు తీపినీరు చేర్చుటయు వాస్తవము. సుమారు రెండు లక్షల ఎకరముల మధ్యడెల్టా ఆయకట్టు చిన్నవిషయము కాదు. బొబ్బర్లంకనుండి లాకులు దాటుచు వచ్చిన పడవలే అమలాపురమును సంతపట్టణముగాను, అంబాజీపేటను కొబ్బరిబేరమునకు నెలవుగాను చేసినవి. కాలువ క్రొత్త ఊళ్లను సృష్టించిన దానికంటె పాత ఊళ్లను లావుచేసినదనియే నా మనవి.

లావగు ఊరికి మురుగు ఎక్కువ. ఇచ్చటనే ఆనకట్టయుగపు మహాలోపము బయటపడుచున్నది. కాలువకు పెట్టిన శ్రద్ధలో నాలుగవవంతైనను మురుగుకోడునకు పెట్టలేదు. కాలువ మెరకవెంబడి పోవును, శిస్తు తెచ్చును. కోడు పల్లమున పోవును, శిస్తు తీసికొనిపోవునే గాని తేదు. సార్వాకు దాళ్వా తోడై ఏడాదిలో అధికభాగము చేలలో నీరుండగా, పూర్వము వేసవిలో ఎండి పగిలి గాలిపీల్చు నేలకు ఆ విశ్రాంతి పోయినది. ఏటిగట్లు వరదను ఆపినవి; వరదతో వచ్చి పొలముల ఎత్తును పెంచుచుండిన ఒండ్రునుగూడ ఆపినవి. 1960 దశకమున మిత్రా సంఘము కృష్ణా గోదావరి డెల్టాల మురుగుసమస్యను విచారించినది; 1968లో డ్రెయినేజి సెస్సు చట్టము వచ్చి రైతులనుండి పన్నుకూడ వసూలైనది. ఆనకట్ట వేసిన నూరేండ్లు దాటినపిదప రాజ్యము కోళ్లను ప్రత్యేకముగా తలంచుకొనుట ఎంత ఆలస్యమో చెప్పనక్కరలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా మానుకొని పంటవిరామము ప్రకటించినపుడు పత్రికలు గిట్టుబాటుధరను, కూలిరేట్లను ప్రముఖముగా వ్రాసినవి. మోహన్‌కందా సంఘము విచారణకు వచ్చినపుడు రైతులు అడిగినవానిలో కోళ్ల పూడికతీతయు కలదు. నాటినచేను మూడుదినములలో మునుగునని తెలిసియు నాటుటకు ఎవరికి మనసొప్పును?

రాజోలువైపు శంకరగుప్తము డ్రెయినును పోటువేళ చూచినవారికి ఈ మాటలో అతిశయోక్తి లేదని తెలియును. గుర్రపుడెక్కతో నిండిన ఆ నీరు సముద్రమువైపు పోవలసినది ఊరివైపు ఎగదన్నుచుండును. కేశనపల్లి ప్రాంతమున మొవ్వు వాడి, మట్టలు రాలి, నిలువునా మోడులైన కొబ్బరిచెట్లు ఆ ఉప్పునీటి ఫలితము. ఎగువ ఆనకట్టలలో ఒండ్రు నిలిచిపోవుటచే గోదావరి సముద్రమునకు చేర్చు మట్టి డెబ్బదులనాటికంటె సగమునకును తగ్గినదని ఆంధ్రవిశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞుల పరిశోధనలు తెల్పుచున్నవి. నేలను పెంచు మట్టి తగ్గగా కడలి ముందుకు వచ్చుచున్నది. అంతర్వేది పల్లిపాలెము జాలరులకు దీనిని చదివి తెలిసికొన నవసరములేదు.

వర్తమానమును ప్రశంసించువారు వంతెనలను చూపుదురు. రావులపాలెము, చించినాడ, యెదుర్లంక వంతెనలు దీవిని దేశముతో కలిపినవనుట నిజము. పంటుకొరకు రేవులో పడిగాపులు పడుట చాలవరకు తప్పినది. చమురుసంస్థల బావులును అభివృద్ధికి గుర్తుగా చూపబడుచున్నవి. 1995 జనవరిలో పాశర్లపూడివద్ద ఎగసిన మంట రెండునెలలు దాటియు ఆరకుండుటయు, 2014 జూన్‌లో నగరము గ్రామమున గ్యాసుగొట్టము ప్రేలి నిద్రలోనున్న జనము కాలిపోవుటయు అదే అభివృద్ధిలోనివి. ఇంటికిని బావికిని, బజారుకును గొట్టమునకును ఎంతదూరముండవలెనన్న ప్రశ్న ఇంత జనసమ్మర్దముగల సీమలో ముందుగా అడుగవలసినది. అడిగినది ప్రేలిన తరువాత. 2022లో ఏర్పడిననాటి క్రొత్త కోనసీమజిల్లాలో 2011 లెక్కప్రకారమే పదునేడు లక్షలకు పైబడిన జనముండిరి. ఈ జనము క్రొత్తగా కట్టుకొను ఇండ్లు దిబ్బపైనివి కావు. పల్లపుచేలో నాలుగు లారీల గ్రావెలు తోలించి, హద్దురాళ్లు పాతి, ప్రక్కనున్న బోదెను పూడ్చి లేఅవుటు వేయుచున్నారు. త్రవ్విన గొయ్యియు లేదు, ఎత్తిన దిబ్బయు లేదు. చేపల చెరువుల గట్లు మరికొన్ని దారులను మూసివేసినవి.

ఇంతవరకు మెరకను పొగడితిని. ఆ మెరక అందరిదీ కాదని చెప్పకున్న ఈ పరిశీలన అర్ధసత్యమగును. అగ్రహారము దిబ్బమీదను, మాలపేట మాదిగపేటలు చేలగట్టునను, జాలరిపల్లెలు కడలియంచునను నిలుచుట దైవికము కాదు. 1996 నవంబరు 6 నాటి తుపానులో వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ రాత్రి ఉప్పెన మొదట ముంచినవి తీరపు పల్లెలు. పల్లపు పేటలలో నీరు తీయుటకు దినములు పట్టినది. 1986లో ధవళేశ్వరమువద్ద ముప్పదియైదు లక్షల క్యూసెక్కులు పారినపుడును, 2022 జూలైలో ఇరువదియైదు లక్షలు దాటినపుడును లంకవాసులే పడవలలో బియ్యము తెచ్చుకొనిరి. పాతగ్రామనిర్మాణమును ఆదర్శముగా చూపువారు దాని నేర్పును తీసికొని దాని పంపకమును విడువవలసియున్నది.

కాకినాడనుండి కోటిపల్లివరకు వచ్చి ఆగిన రైలుమార్గమును కోనసీమ దాటించి నర్సాపురమునకు చేర్చు పని యేండ్లతరబడి సాగుచున్నది. 216వ జాతీయరహదారి ఇదివరకే ఈ సీమను తూర్పునుండి పడమరకు కోసికొని పోయినది. కోనసీమ నీరు ఉత్తరమునుండి దక్షిణమునకు పోవును. ఈ క్రొత్తగట్లక్రింద ఎన్ని కల్వర్టులు, ఏ కోడునకు ఎంత వెడల్పున విడిచెదరో ఊరూర గ్రామసభలో ముందుగా తెలుపవలెను. అంచనాకాగితములలో మెరకమట్టి ఎన్ని ఘనమీటర్లో విపులముగా నుండును; మురుగునకు మాత్రము ఒక్క పంక్తి కేటాయింతురు. ఆ పంక్తి చాలదని చెప్పుటకు మనకు మరియొక మిత్రా సంఘము రావలసిన పనిలేదు.