ఎర్రమంజిలా, ఇర్రం మంజిలా?

అమీర్‌పేటలో జావా కోచింగ్ తీసుకునే రోజుల్లో, ఖైరతాబాద్ వెళ్లే సిటీ బస్సులో కండక్టర్ "ఎర్రమంజిల్, ఎర్రమంజిల్" అని అరిచేవాడు. అక్కడేదో ఎర్ర బిల్డింగ్ ఉంటుందనుకునేవాణ్ణి. ఉద్యోగం వచ్చి నాలుగేళ్లు అదే దారిలో తిరిగినా దిగి చూడలేదు. చివరికి ఓ ఆదివారం పంజాగుట్ట నుంచి నడుచుకుంటూ వెళ్లి చూశాను. ఆ మేడ గోడలు ఎర్రగా లేవు.

ఎరుపు ఆ గుట్టది. ఆ మిట్టని తెలుగువాళ్లు ఎర్రగడ్డ అనేవాళ్లు. నిజాం కొలువులోని ప్రభువు నవాబ్ సఫ్దర్ జంగ్ ముషీరుద్దౌలా ఫక్రుల్ ముల్క్ దాని మీద ఇల్లు కట్టి "ఇర్రం మంజిల్" అని పేరు పెట్టాడు. ఫారసీలో ఇరమ్ అంటే స్వర్గం. దర్బారువాళ్లకి అది స్వర్గసౌధం, చుట్టుపక్కల తెలుగువాళ్లకి ఎర్రగుట్ట మీది మేడ. పలకడానికి రెండూ దాదాపు ఒకటే. కావాలనే అలా పెట్టాడంటారు.

ఈ మేడ గురించి ఇంతకంటే ఎక్కువగా ప్రచారంలో ఉన్న కథ ఇంకోటుంది. ఫలక్‌నుమా కట్టిన పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రాతో ఫక్రుల్ ముల్క్ పందెం కాశాడట, నీ మహలు కన్నా ఎత్తులో కడతానని. అందుకే గుట్ట ఎంచుకున్నాడట. స్కాట్లండ్‌లో పాతకాలం టవర్ హౌస్‌లు శత్రుభయంతో పైకి పెరిగాయి. మందపాటి గోడలు, చిన్న కిటికీలు. ఇక్కడ ఎత్తుకి కారణం భయం కాదు, దర్జా. వినడానికి బాగుంది. కానీ ఇర్రం మంజిల్ కట్టింది 1870 ప్రాంతంలో అని రాస్తారు. ఫలక్‌నుమాకి శంకుస్థాపన జరిగింది 1884లో. లాగ్ ఫైళ్లు చూసీ చూసీ అలవాటైన నాకు ఈ టైమ్‌స్టాంపులు కలవలేదు. కథైనా తప్పు కావాలి, తేదీ అయినా తప్పు కావాలి.

అందుకే నాకు పందెం కథ కన్నా పేరు కథ మీదే నమ్మకం. దానికి సాక్ష్యం రోజూ చెవిన పడుతూనే ఉంది. కట్టడం కూడా అదే మాట చెబుతుంది. దీన్ని ఇండో-యూరోపియన్ బరోక్ శైలి అంటారు. నూటయాభైకి పైగా గదులు, ఎత్తైన స్తంభాలు, గచ్చుతో తీర్చిన అలంకారాలు. నమూనా యూరప్‌దే. గచ్చుపని మాత్రం ఈ నేలకి కొత్త కాదు. చార్మినార్ మీద, కుతుబ్‌షాహీ సమాధుల మీద కనిపించేది ఆ పనితనమే. అంటే పేరులాగే గోడలు కూడా రెండు భాషలు మాట్లాడతాయి.

ఒకప్పుడు ఇక్కడ తొమ్మిది హోల్స్ గోల్ఫ్ కోర్సు, పోలో మైదానం ఉండేవి. తర్వాత మహలు ప్రభుత్వం చేతికొచ్చింది. మొదట రికార్డులు దాచే చోటైంది, ఆ తర్వాత రోడ్లు భవనాలు, నీటిపారుదల శాఖల ఇంజనీర్ల ఆఫీసైంది. విందులు జరిగిన గదుల్లోకి ఫైళ్లొచ్చాయి.

2019 జూన్‌లో, దీన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని రాష్ట్ర కేబినెట్ నిర్ణయించింది. ఆ నెల 27న శంకుస్థాపన కూడా అయిపోయింది. రక్షిత కట్టడాల జాబితాకి ఆధారమైన నిబంధనని 2015లోనే తీసేశాం కాబట్టి ఇది హెరిటేజ్ భవనం కాదని ప్రభుత్వం వాదించింది. నగరవాసులు, నవాబు వారసులు హైకోర్టుకెళ్లారు. సెప్టెంబర్ 16న కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. చట్టం అడిగే అనుమతులు దాటేసి ఇలాంటి భవనాన్ని కూల్చడానికి వీల్లేదంది.

తీర్పు కూల్చివేతనైతే ఆపింది. కానీ వానకి, పగుళ్లకి, గోడల్లో మొలిచే రావి మొక్కలకి కోర్టు స్టే వర్తించదు కదా. పైగా "నవాబు పందెం కోసం కట్టుకున్న మహలు" అని మనమే చెప్పుకుంటే, పోతే మనకేంటి అనిపించడం తేలిక. తెలుగువాళ్లు పిలుచుకునే పేరు పోకుండా తన పేరు కలుపుకున్న మేడ అని తెలిస్తే, అది కొంచెం మనది కూడా అవుతుంది.

ఇప్పుడు అక్కడ మెట్రో స్టేషన్ ఉంది. పంజాగుట్ట తర్వాతి స్టాపే, అదీ రెడ్ లైన్ మీద. ఈసారి అటు వెళితే దిగండి. ఆ పేరు ఏ భాషలో పలికినా ఫర్వాలేదు.