ఆసియా క్రీడలలో భారత మహిళల పరుగు

1951 మార్చిలో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో 11 దేశాలు పాల్గొన్నాయి. మహిళల 100 మీటర్ల పరుగులో రోషన్ మిస్త్రీ రజత పతకం గెలుచుకున్నారు. అయితే వ్యక్తిగత విభాగంలో భారత మహిళకు స్వర్ణం దక్కడానికి మరి 19 ఏళ్లు పట్టింది. 1970లో బ్యాంకాక్‌లో కమల్‌జీత్ సంధూ 400 మీటర్ల పందెంలో ఆ కొరత తీర్చారు. 1982లో ఢిల్లీలో ఎం.డి. వల్సమ్మ 400 మీటర్ల హర్డిల్స్‌లో ప్రథమురాలిగా నిలిచారు. 1986లో సియోల్‌లో పి.టి. ఉష ఒక్కరే నాలుగు స్వర్ణాలు, ఒక రజతం సాధించారు.

ఈ పరంపరలో 2023లో హాంగ్‌జౌలో తెలుగువారూ మెరిశారు. హెప్టాథ్లాన్‌లో తెలంగాణకు చెందిన అగసర నందిని కాంస్యం గెలిచారు. 100 మీటర్ల హర్డిల్స్‌లో విశాఖపట్నానికి చెందిన యర్రాజి జ్యోతి, పక్క వరుసలోని చైనా క్రీడాకారిణి సంకేతానికి ముందే కదలడంతో తానూ కదిలారు. అధికారులు తొలుత ఇద్దరినీ తప్పుపట్టారు. జ్యోతి వెనుదిరగక అభ్యంతరం తెలిపారు. చివరకు ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి మూడవ స్థానంలో గమ్యం చేరారు. అనంతరం చైనా క్రీడాకారిణి అనర్హురాలు కాగా, ఆమె కాంస్యం రజతమైంది. ఆనాడు ఆమె మౌనంగా తప్పుకొని ఉంటే ఆ పతకమే లేదు. నియమాలు తెలిసి ఉండటం, వాటి పక్షాన నిలబడటం కూడా క్రీడాకారుల శిక్షణలో భాగమేనని ఆ సంఘటన నిరూపించింది.