వసంతం లేని దీవిలో పూల రుతువు

భూమధ్యరేఖకు ఉత్తరాన ఇంచుమించు ఒకటింబావు డిగ్రీల దూరంలో ఉన్న సింగపూర్‌కు తెలుగువారు ఎరిగిన ఆరు రుతువులు లేవు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య రుతుపవనం, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనం వీచినా, ఏడాది పొడవునా వాన పడుతూనే ఉంటుంది, పగటి ఎండ ముప్పై డిగ్రీలకు అటూ ఇటూగా కాస్తూనే ఉంటుంది. ఆకు రాలే నెల ఇది, చివురించే నెల ఇది అని పంచాంగం చూసి చెప్పడానికి వీలులేని ఈ దీవిలోనూ బాటల పక్క చెట్లు ఏటా ఒకటి రెండు సార్లు ఒక్కుమ్మడిగా పూసి ఊరి రంగునే మార్చివేస్తాయి. ఏ చెట్టును ఎక్కడ నాటాలో ఇక్కడి ప్రభుత్వం నిర్ణయించింది; అది ఎప్పుడు పూయాలో మాత్రం మబ్బు నిర్ణయిస్తుంది.

ఇప్పుడు కనిపించే పచ్చదనంలో అధికభాగం మనుషులు పెంచినదే. 1819లో స్టాంఫర్డ్ రాఫిల్స్ బ్రిటిష్ స్థావరం నెలకొల్పిన తరువాతి దశాబ్దాలలో చైనా నుంచి వచ్చిన సాగుదారులు మిరియాలు, గాంబియర్ తోటల కోసం అడవిని ముమ్మరంగా నరికారు. గాంబియర్ అంటే ఒక పొద ఆకులను ఉడికించి తీసే, తాంబూలంలో వేసుకునే కాచును పోలిన పదార్థం. తోళ్లను పదును చేసే పరిశ్రమలో దానికి గిరాకీ ఉండేది. ఆకులను ఉడికించే కట్టెలు కూడా ఆ అడవి నుంచే రావలసి ఉండడంతో, నేల సారం ఉడిగి తోట మరోచోటికి జరిగేసరికి వెనుక లలాంగ్ అనే దర్భజాతి గడ్డి మిగిలేది. 1883లో వృక్షోద్యానాధికారి నతానియల్ కాంట్లీ అడవులపై నివేదిక ఇచ్చేనాటికి మూలారణ్యం చెదురుమదురు తునకలుగా మాత్రమే నిలిచి ఉంది.

బోసిపోయిన ఆ నేల మీద వలస పాలకులు నాటిన నీడచెట్లలో రెండు ముఖ్యమైనవి. ఒకటి తెలుగునాట నిద్రగన్నేరుగా పేరుపడిన చెట్టు. మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన ఇది 1876లో సింగపూర్ చేరి, పొద్దువాలగానే ఆకులు ముడుచుకుంటూ, గొడుగులా బాట మొత్తాన్ని కప్పే విశాలమైన తలతో ఇక్కడి వీధులకు రూపురేఖలు దిద్దింది. రెండవది అంగ్సానా. ఆంధ్రదేశపు అడవుల్లోని వేగిసకు, శేషాచలం కొండల ఎర్రచందనానికి ఇది దగ్గరి చుట్టం. మూడూ ఒకే ప్రజాతికి చెందినవి. అయితే 1910ల నుంచే అంగ్సానాలకు వడలు తెగులు సోకి వరుసలకు వరుసలే ఎండిపోవడంతో ఆ చెట్టు చాలాకాలం అపనమ్మకానికి గురైంది.

1963 జూన్ 16న, అంటే సింగపూర్ ఇంకా స్వతంత్ర దేశం కాక ముందే, ప్రధానమంత్రి లీ క్వాన్ యూ ఫారర్ సర్కస్ అనే కూడలిలో మెంపాట్ అనే స్థానిక జాతి మొక్కను నాటి చెట్ల పెంపకోద్యమానికి నాంది పలికారు. 1965లో మలేషియా నుంచి విడిపోయిన తరువాత, నిరుద్యోగమూ ఇళ్ల కొరతా కమ్ముకున్న కాలంలో, 1967లో ఉద్యాననగర పథకం మొదలైంది. ఆకలి తీర్చవలసిన ప్రభుత్వం అలంకారానికి పూనుకోవడం పైకి వింతగా తోచవచ్చు. లీ వాదన వేరు: చెట్టును నాటడం తేలిక, ఏళ్ల తరబడి సాకడం కష్టం, కాబట్టి చక్కగా పెరిగిన చెట్ల వరుసను చూసిన విదేశీ పెట్టుబడిదారు ఈ దేశానికి క్రమశిక్షణ ఉందని మాట వినకుండానే గ్రహిస్తాడు. ఆ అంచనా సరైనదేనని తరువాతి చరిత్ర చూపింది. అంతకంటే గొప్ప విషయం, ఆ నీడ పెట్టుబడిదారుకే పరిమితం కాకుండా బస్సు కోసం నిలబడే కూలీకీ సమానంగా దక్కింది.

తొందర ఉన్న ఆ రోజుల్లో పాత అంగ్సానా మళ్లీ అక్కరకు వచ్చింది. మనిషి ఎత్తుకు మించిన లావుపాటి కొమ్మను నరికి నేలలో పాతినా అది వేరూనుకుంటుంది గనుక, కొత్తగా వేసిన రోడ్లకు కొద్ది కాలంలోనే నీడ దొరికింది. 1975లో వచ్చిన ఉద్యానాలు, చెట్ల చట్టం నిర్మాణాలు చేపట్టేవారు మొక్కలకు చోటు విడిచిపెట్టడాన్ని విధిగా చేసింది. కార్లు నిలిపే చోట్ల, వేళ్లకు గాలీ నీరూ అందేలా చిల్లులున్న కాంక్రీటు పలకలు పరిచారు. నీడ సమకూరిన తరువాత, 1980ల నాటికి దృష్టి రంగుల మీదికి మళ్లింది: తురాయి, పసుపు పూల తురాయి, మధ్య అమెరికా నుంచి వచ్చిన టబెబుయా రోజియా వరుసలు కట్టాయి.

చూపు ఎక్కువసేపు నిలిచేది ఈ చివరి చెట్టు మీదే. కొన్ని వారాలు వాన మొహం చాటేస్తే ఇది ఆకులను చాలావరకు రాల్చివేస్తుంది. ఆ తరువాత ఒక పెద్ద వాన కురిసిందంటే, కొద్ది రోజులకే బోడి కొమ్మల చివర గరాటు ఆకారపు పూలు గుత్తులుగా విచ్చుకుంటాయి. లేత గులాబీ నుంచి తెలుపు దాకా ఒక్కో చెట్టుకు ఒక్కో ఛాయ ఉంటుంది. ముడతలు పడిన అంచుల నడుమ గొంతు దగ్గర మాత్రం పసుపు పూసినట్లుంటుంది. ఇవి సాధారణంగా ఏప్రిల్ ప్రాంతంలోనూ, ఆగస్టు సెప్టెంబరుల్లోనూ పూస్తాయి. అంగ్సానా పూత ఇంకా క్షణికం: ఒక ప్రాంతంలోని చెట్లన్నీ కూడబలుక్కున్నట్లు ఒకే రోజున పసుపుపచ్చగా పూసి, పరిమళం వెదజల్లి, మర్నాటికి కాలిబాటల మీద రేకులను తివాచీలా పరిచేస్తాయి.

రుతువు లేనిచోట చెట్టుకు కాలం ఎలా తెలుస్తుందన్న ప్రశ్నను వృక్షోద్యాన సంచాలకుడు హోల్టమ్ 1930లలో శ్రద్ధగా పట్టించుకొని, ఇక్కడి చెట్లు ఆకులు మార్చే, పూలు పూసే వేళలను ఏళ్ల తరబడి నమోదు చేశారు. ఆయన సహచరుడు కార్నర్ 1940లో వెలువరించిన ‘వేసైడ్ ట్రీస్ ఆఫ్ మలయా’ ఈ విషయంలో నేటికీ ప్రామాణిక గ్రంథం. ఈ పరిశీలనలకు మకుటాయమానమైనది చెట్టు కాదు, చెట్ల కొమ్మలను అంటిపెట్టుకొని పెరిగే పావురపు ఆర్కిడ్. గాలివాన వచ్చి వాతావరణం హఠాత్తుగా చల్లబడిన తరువాత సుమారు తొమ్మిదవ రోజున ఆ చుట్టుపక్కల ఆర్కిడ్లన్నీ ఒకే ఉదయం తెల్లగా పూసి, ఆ రోజుతోనే వాడిపోతాయి.

అందువల్ల జపాన్‌లో చెర్రీ పూల రాకను ముందుగా అంచనా వేసి ప్రకటించినట్లు సింగపూర్‌లో ఎవరూ తేదీ ప్రకటించలేరు. బంధువుల ఇంటికి వచ్చే తెలుగువారు పూత చూడదలిస్తే, టికెట్టు కొనేముందు అక్కడివారిని వానలు ఎన్నాళ్లుగా ఆగాయని అడగడం మేలు.